సార్కాయిడోసిస్ కల్చర్‌ను ఫైబ్రోబ్లాస్ట్‌లు కమ్మేస్తున్నాయి, ఏం చేయాలి?

విజయనగరంలో పరిశోధన చేస్తున్నాను. ఎథిక్స్ కమిటీ అనుమతితో, సార్కాయిడోసిస్ (రోగనిరోధక కణాలు గుంపులుగా చేరి చిన్న గడ్డలు కట్టే వ్యాధి) రోగుల లింఫ్ గ్రంథి బయాప్సీ ముక్కల నుంచి కణాలు పెంచుతున్నాను. క్షయ కాదని తేలాకే మొదలుపెడతాను. గ్రాన్యులోమాలు, అంటే ఆ గడ్డలు, రెండు వ్యాధుల్లోనూ ఉంటాయి కదా.

3 మిల్లీమీటర్ల ముక్కను కొలాజినేజ్‌లో (కణజాలాన్ని విడదీసే ఎంజైమ్) 37 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు ఉంచి, ఆర్‌పీఎంఐ 1640 (కణాలు పెంచే పోషక ద్రవం), 10 శాతం సీరంలో వేస్తున్నాను. కార్బన్ డయాక్సైడ్ 5 శాతం. మూడో రోజు వరకు నాకు కావలసిన మాక్రోఫేజ్‌లు (ఒక రకం రోగనిరోధక కణాలు) బాగానే అంటుకుని ఉంటాయి. తొమ్మిదో రోజుకి ప్లేటంతా ఫైబ్రోబ్లాస్ట్‌లే (వేగంగా పెరిగే బంధన కణజాల కణాలు). మూడుసార్లూ ఇదే. సీరం 5 శాతానికి తగ్గించాను, మాక్రోఫేజ్‌లను నిలబెట్టే ఎం-సీఎస్ఎఫ్ అనే ప్రొటీన్ కలిపాను. ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ఫైబ్రోబ్లాస్ట్‌లను లేపేసినా నాలుగు రోజుల్లో మళ్లీ వచ్చేశాయి. ప్రతి ముక్కా ఒక రోగి నమ్మి ఇచ్చింది, వృథా అవుతుంటే మనసు ఒప్పడం లేదు.

మొదటి రోజే సీడీ14 బీడ్స్‌తో (మాక్రోఫేజ్‌ల పైనుండే సీడీ14 ప్రొటీన్‌కు అంటుకునే అయస్కాంత పూసలు) మాక్రోఫేజ్‌లను వేరు చేస్తే, ఇంత చిన్న ముక్క నుంచి వారం రోజుల కల్చర్‌కు సరిపడా కణాలు దక్కుతాయా?