మూడో తరగతి బాబుకి ఇంట్లో లెక్కలు ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. బాబు ప్రభుత్వ బడిలో చదువుతున్నాడు. నేను బట్టలు కుడతాను, ఇంగ్లీషు రాదు. వాడి లెక్కల పుస్తకం తెరిస్తే నాకే టెన్షన్.

జవాబు: అక్కా, ఆ పుస్తకంలో ఇంగ్లీషు పేజీకి ఎదురుగా అదే పాఠం తెలుగులో ఉంటుంది. అది చదివి చెప్పండి. క్యూఆర్ కోడ్ ఉంటే దీక్షా అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లో స్కాన్ చేయండి, డబ్బులక్కర్లేదు.

జవాబు: మీ టేపు వాడి చేతికివ్వండమ్మా! మీటరు గుడ్డలో జాకెట్టుకి 80 సెంటీమీటర్లు పోతే ఎంత మిగులుతుంది? వాడినే చెప్పనివ్వండి. తప్పు చెబితే తిట్టొద్దు, మళ్ళీ కొలవమనండి. కూడికలు, తీసివేతలు అక్కడే వచ్చేస్తాయి.

ప్రశ్న అడిగినవారు: టేపు సంగతి నాకు తట్టనేలేదండీ. ఇవాళ్టి కొలతలు వాడితోనే రాయిస్తాను. తెలుగు ఒత్తులకి కూడా ఏదైనా చెప్పరూ?