చీనీ పాదుల్లో ఆచ్ఛాదన, కంపోస్టు: మీ అనుభవాలు తెలపండి

ఎర్రనేల రైతు (అనంతపురం జిల్లా):
మాది ఎర్రనేలలో వేసిన చీనీ (బత్తాయి) తోట. డ్రిప్పు ఉన్నప్పటికీ వేసవిలో పాదు త్వరగా ఆరిపోయి పైన పెచ్చు కడుతోంది. వేరుశనగ కట్టె పశువుల మేతకే చాలడం లేదు కానీ, వేరుశనగ పొట్టు, వరిగడ్డి దొరుకుతాయి. వీటిని పాదుల్లో ఆచ్ఛాదనగా (మట్టిని కప్పేలా) పరిచినవారు, కంపోస్టు కూడా వేసినవారు ఏం గమనించారో దయచేసి తెలపండి.

తోటబాట (కడప జిల్లా):
మేము తొలకరికి ముందు బాగా చివికిన పశువుల ఎరువును పాదులో కలిపి, తడి పెట్టాక దానిపై నాలుగు అంగుళాల మందాన వరిగడ్డి పరుస్తాము. చీనీకి నీటినీ పోషకాలనూ తీసుకునే పీచువేళ్లు ఎక్కువగా నేల పైపొరలోనే ఉంటాయి కనుక, ఆ పొర చల్లగా, తేమగా ఉండడమే చెట్టుకు అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. మే నెలలో గడ్డిని పక్కకు తొలగించి చూస్తే, అడుగున మట్టి వేలు దిగేంత గుల్లగా ఉండి, తెల్లని లేతవేళ్లు గడ్డిని తాకేదాకా పైకి వచ్చి కనిపిస్తాయి. వానపాములు వదిలిన మట్టి గుళికలు వాటి మధ్యనే ఉంటాయి. కలుపు కూడా బాగా తగ్గింది. అయితే మాను చుట్టూ జానెడు మేర ఖాళీ తప్పక వదలండి. అక్కడ తేమ నిలిస్తే బంక తెగులు సోకుతుంది.

మట్టి పరిశీలకుడు:
పై సలహాకు ఒక మాట చేరుస్తాను. గడ్డిని మట్టిలో కలిపి దున్నకండి. వరిగడ్డిలో నత్రజని కన్నా కర్బనం సుమారు 70, 80 రెట్లు ఉంటుంది. దానిని చివికించే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టి నుంచే తీసుకోవడం వల్ల చెట్టుకు కొంతకాలం కొరత ఏర్పడి ఆకులు పసుపెక్కుతాయి. పైన పరిచినప్పుడు ఈ ఇబ్బంది దాదాపు ఉండదు. చివికిన కంపోస్టులో ఆ నిష్పత్తి 20కి దగ్గరగా ఉంటుంది కాబట్టి దానిని మట్టిలో కలపవచ్చు.

ఎర్రనేల రైతు:
ధన్యవాదాలండీ. మరి చెదల మాటేమిటి?

తోటబాట:
గడ్డి పూర్తిగా ఎండిన చోట చెదలు ఎక్కువగా చేరతాయండీ. డ్రిప్పు నీరు గడ్డి కింద పడేలా చూసుకుంటూ, పాదుకు కొంత వేపపిండి వేస్తున్నాము. పచ్చి పేడ మాత్రం వేయకండి, దానివల్ల చెదలతోపాటు వేరుపురుగు కూడా వస్తుంది.

నల్లరేగడి (గుంటూరు జిల్లా):
మా నేలలు నీటిని ఎక్కువకాలం పట్టి ఉంచుతాయి కనుక, వానాకాలంలో గడ్డిని పలుచన చేసి, వానలు వెనుకపట్టాక మళ్లీ మందంగా పరుస్తాము. ఎర్రనేలలో మీకు ఆ అవసరం రాకపోవచ్చు.