గజ్జల్లో హెర్నియా: కోత ఆపరేషనా, లాప్రోస్కోపీనా?

అన్నలకూ అక్కలకూ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. మా నాయనకు 64 ఏళ్లు, వరి సేద్యం. కుడి గజ్జలో హెర్నియా, అంటే కండ బలహీనమైన చోట లోపలి పేగో కొవ్వో బయటికి తోసుకొచ్చే వాపు. పడుకుంటే లోపలికి పోతుంది, మూటెత్తినా దగ్గినా బయటికొస్తుంది. స్కానింగ్‌లో ఎడమవైపు కూడా చిన్నగా మొదలైందని తేలింది.

నెల్లూరు డాక్టరు గారు లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) మేలన్నారు. ఆ చిన్న రంధ్రాల్లోంచే రెండువైపులా జాలీ (బలహీనమైన చోట ఆసరాగా పెట్టే వల) వేయొచ్చు, నొప్పి తక్కువ, తొందరగా పనిలోకి దిగొచ్చు. ఒంగోలు డాక్టరు గారు కోత ఆపరేషనే చేద్దామన్నారు. నాయనకు ఆయాసం ఉంది. లాప్రోస్కోపీకి మామూలుగా పూర్తి మత్తు కావాలి, కోతకైతే నడుముకు మత్తు సూది చాలు, ఒక్కోసారి ఆ చోట మొద్దుబార్చినా సరిపోతుంది. ఇద్దరి మాటా సబబుగానే ఉంది, అదే నా దిగులు. నాకైతే ఖర్చు కన్నా ఆయన ఊపిరే ముఖ్యం.

ఆయాసం ఉన్న పెద్దవాళ్లకు ఎవరైనా లాప్రోస్కోపీ చేయించారా? మత్తు నుంచి తేరుకోవడానికి ఇబ్బంది పడ్డారా? కోత చేయించుకున్నవాళ్లకు గజ్జల్లో నొప్పి, తిమ్మిరి ఎన్నాళ్లున్నాయి? మళ్లీ బరువులెత్తగలిగారా? ఎన్టీఆర్ వైద్య సేవలో చేయించినవాళ్లుంటే ఏ పద్ధతిలో చేశారో కూడా చెప్పండి. నాట్లకు ముందే తేల్చుకోవాలి.