లుఫ్తాన్సాలో 4,000 ఉద్యోగాల కోత: ఆఫీసు పని మీద విమానమెక్కే రోజులు అయిపోయినట్టేనా?

టికెట్టు_మాస్టారు (సికింద్రాబాద్)

2025 సెప్టెంబరు 29న జర్మనీ ఎయిర్‌లైన్ లుఫ్తాన్సా ఒక ప్రకటన చేసింది. 2030 లోపు 4,000 ఉద్యోగాలు తీసేస్తారట, ఎక్కువ భాగం జర్మనీలోనే. అంతకుముందు ఫిబ్రవరిలో అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ ఆఫీసు సిబ్బందిలో 15 శాతం, అంటే 1,750 మందిని తగ్గిస్తున్నామంది. ఆ కంపెనీ పుట్టి 50 ఏళ్లు దాటింది, ఇంత పెద్ద కోత ఇదే మొదటిసారి. నా వాదన సూటిగా చెప్పేస్తా. కంపెనీ ఖర్చుతో విమానమెక్కే జాతి అంతరించిపోతోంది, ఎయిర్‌లైన్లకి ఆ సంగతి మనకంటే ముందు తెలిసింది.

నేను 24 ఏళ్లుగా టికెట్లు కొడుతున్నా. 2019లో సోమవారం పొద్దున ఆరింటి బెంగళూరు ఫ్లైటుకి నా ఒక్క ఆఫీసు నుంచే ముప్పై, ముప్పై అయిదు మంది ఉండేవాళ్లు. ఆదివారం రాత్రి పదింటికి ఫోన్ మోగేది: "మాస్టారూ, రేపు పొద్దున ఒక్క సీటు, ఎంతైనా పర్లేదు." ఆ "ఎంతైనా పర్లేదు" మీదే నా బతుకూ, ఎయిర్‌లైన్ బతుకూ నడిచాయి. నెల ముందు 3,500కి కొన్న పెళ్లివారి పక్క సీట్లో, నిన్న రాత్రి 9,000కి కొన్న ల్యాప్‌టాప్ బ్యాగు కూర్చునేది. ఆ తొమ్మిది వేలు ఉంది కాబట్టే ఈ మూడున్నర వేలు ఉండేది. ఇప్పుడు అదే సోమవారం నా దగ్గర ఆరో, ఏడో. ఏడుగురు పనిచేసిన ఆఫీసులో ఇప్పుడు నేనూ, మా బావమరిదీ.

జీడిమెట్ల_వాల్వులు

మాస్టారూ, మీ షాపు ఖాళీ అయిందని ఎయిర్‌పోర్టు ఖాళీ అయిందంటే ఎలా? మావాళ్లంతా ఫోన్లోనే బుక్ చేసుకుంటున్నారు, మీ దాకా ఎక్కడొస్తారు?

నాది చిన్న ఫ్యాక్టరీ, ఆవిరి లైన్లకి గ్లోబ్ వాల్వులు చేస్తాం. పోయినేడాది పుణె పార్టీ ఒకటి కంప్లయింటు పెట్టింది: వాల్వు మూసినా ఆవిరి పోతోంది, పైపు ఊగుతోంది, మీ సరుకే బాగాలేదు అని. పదకొండు రోజుల్లో మూడు వీడియో కాల్స్ అయ్యాయి. వాళ్లు ఫోను పట్టుకుని చూపిస్తారు, నేను ఇక్కడ కళ్లు చికిలించుకుని చూస్తాను. ఏమీ తేలలేదు. విసుగొచ్చి పొద్దున ఫ్లైటెక్కి వెళ్లా. పైన చుట్టిన రాతి ఉన్ని విప్పించా. వాల్వు ఒంటి మీద పోత పోసిన బాణం గుర్తు అటు తిరిగి ఉంది, ఆవిరి ఇటు నుంచి వస్తోంది. మొదట్లో వాళ్లే వాల్వుని తిరగేసి బిగించారు, అంతే. మధ్యాహ్నం వాళ్ల క్యాంటీన్లో భోజనం చేస్తుంటే మెయింటెనెన్స్ హెడ్ పక్కన కూర్చుని, కొత్త బాయిలర్‌కి ఇంకో 40 వాల్వులు కావాలన్నాడు. ఆ మాట జూమ్ కాల్లో వస్తుందా? కాల్ అయిపోగానే అందరూ ఎర్ర బటన్ నొక్కి పోతారు.

మైన్_నది_ఒడ్డున (ఫ్రాంక్‌ఫర్ట్)

నేనుండేది ఇక్కడే కాబట్టి లుఫ్తాన్సా సంగతి కాస్త చెప్తాను. మాస్టారు గారు ఆ ప్రకటనలో సగమే చెప్పారు. తీసేసేది పైలట్లనీ, క్యాబిన్ సిబ్బందినీ కాదు. ఆఫీసుల్లో కూర్చునే పరిపాలన ఉద్యోగాలు. స్విస్, ఆస్ట్రియన్, బ్రసెల్స్ లాంటి ఎయిర్‌లైన్ కంపెనీలన్నీ ఒకే గొడుగు కిందున్నాయి. ఒకే పని నాలుగు చోట్ల నలుగురు చేస్తున్నారు, కొంత కృత్రిమ మేధకి ఇస్తాం, కొంత కలిపేస్తాం అన్నారు. అదే రోజు ఇంకో మాటా చెప్పారు: 2030 లోపు 230కి పైగా కొత్త విమానాలు, అందులో 100 దూరప్రయాణానివి. ప్రయాణికులు రారనుకున్నవాడు 230 విమానాలు కొంటాడా? నిర్వహణ లాభాన్ని ఆదాయంలో 8–10 శాతం మధ్యకి చేర్చాలని లక్ష్యం పెట్టుకున్నారు. కోత అందుకోసం.

మన హైదరాబాద్‌కి 2024 జనవరిలో ఇదే లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నేరుగా విమానం మొదలుపెట్టింది. అది పండక్కి ఊరెళ్లే నాలాంటివాళ్లని మాత్రమే నమ్ముకుని వేసిన సర్వీసు కాదు. మందుల కంపెనీలూ, ఐటీ వాళ్లూ ఉన్నారనే వేశారు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. మా ఆఫీసులో లోపలి మీటింగులకి విమానం పూర్తిగా బంద్. కొలోన్‌కి ఎయిర్‌పోర్టు కింది నుంచే రైలెక్కితే గంట. బెర్లిన్‌లో మా మేనేజరు మొహం నేను చూసి ఏడాదిన్నర, ఇద్దరికీ దిగుల్లేదు.

విండోసీటు

మాకు ఇంక్రిమెంటు అడిగితే బడ్జెట్ లేదంటారు. పెద్దసారు మాత్రం "నెట్‌వర్కింగ్" కోసం గోవా వెళ్తాడు. ఆ ప్రయాణానికి మాత్రం భవిష్యత్తు భేషుగ్గా ఉంది మాస్టారూ.

టికెట్టు_మాస్టారు

తమ్ముడూ ఫ్రాంక్‌ఫర్ట్, విమానాలు కొనడానికీ, వాటిలో ఎవరు కూర్చుంటారన్నదానికీ తేడా ఉంది. 2020 నవంబరులో బిల్ గేట్స్ అన్నాడు, వ్యాపార ప్రయాణాల్లో సగానికి పైగా మాయమైపోతాయని. అప్పుడు అందరూ నవ్వారు. గ్లోబల్ బిజినెస్ ట్రావెల్ అసోసియేషన్ అనే సంఘం లెక్క తీస్తే 2019లో ప్రపంచమంతా కలిపి 1.43 లక్షల కోట్ల డాలర్ల ఖర్చు, 2024కి 1.48 లక్షల కోట్లని అంచనా. చూశారా, తిరిగొచ్చేసింది అన్నారు. అయ్యా, అయిదేళ్లలో టికెట్టు ఎంత పెరిగింది, హోటల్ గది ఎంత పెరిగింది? అదే డబ్బుకి తక్కువమంది తిరుగుతున్నారని దానర్థం. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి బిజినెస్ క్లాసు టికెట్టు మీద జీఎస్టీ 12 నుంచి 18 చేశారు. కంపెనీలు ఆ పన్నుని తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకుంటాయి కాబట్టి నొప్పి లేదంటారు, కానీ బిల్లు చూసిన ఫైనాన్సువాడి మొహం నేను చూశాను.

డిపార్చర్_డెస్క్

ఇంతసేపూ సీటు గురించే మాట్లాడుతున్నారు. ఆ సీటు దాకా మిమ్మల్ని చేర్చినవాళ్ల గురించి కూడా నాలుగు మాటలు చెప్పనివ్వండి.

శంషాబాద్‌లో ఒక ఎయిర్‌లైన్ కౌంటర్లో ఎనిమిదేళ్లు చేశాను. పేరు అనవసరం. 2020 జులైలో ఒక మధ్యాహ్నం ఫోన్ కాల్, నాలుగు నిమిషాలు. ఐడీ కార్డు కొరియర్లో పంపమన్నారు. ఆ నెలలోనే ఇండిగో పది శాతం సిబ్బందిని తగ్గిస్తున్నట్టు బయటికే చెప్పింది, మిగతాచోట్ల చెప్పకుండా జరిగిపోయింది.

మా పని బయటివాళ్లకి బోర్డింగ్ పాస్ కొట్టడంలా కనిపిస్తుంది. అసలు పని గేటు మూసే ముందు ఇరవై నిమిషాల్లో ఉంటుంది. లగేజి వేసిన మనిషి గేటు దగ్గరికి రాడు. ఫోను ఎత్తడు. అతని బ్యాగు విమానం కడుపులో ఉంటుంది. మనిషి లేకుండా బ్యాగు ఎగరకూడదు, దాన్ని వెతికి దించాలి. ఏ కంటెయినర్లో ఎన్నో వరుసలో పడి ఉంటుందో అనుభవమున్న లోడర్‌కి చెప్పకుండానే తెలుస్తుంది. కొత్తవాడైతే అర్ధగంట ఆలస్యం, ఆ తర్వాత ముంబయిలో కనెక్షన్ పోయినవాళ్లందరి తిట్లు. ఆ అర్ధగంటని ఏ యాప్ మిగిల్చిందో చెప్పండి.

2020 ఏప్రిల్లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 12,000 దాకా తీసేస్తామంది. రెండేళ్లు తిరగకముందే జనం ఒక్కసారిగా వచ్చి పడ్డారు. 2022 వేసవిలో లండన్ హీత్రూ ఎయిర్‌పోర్టు వాళ్లు రోజుకి లక్ష మందికి మించి పంపలేమని చేతులెత్తేశారు. లుఫ్తాన్సా కూడా ఆ వేసవిలో 3,000కి పైగా ఫ్లైట్లు రద్దు చేసుకుంది. ఆస్ట్రేలియాలో క్వాంటాస్ 1,820 మంది గ్రౌండ్ సిబ్బందిని 2020లో ఇంటికి పంపి పని కాంట్రాక్టుకిచ్చింది. అది చట్టవిరుద్ధమని 2023లో అక్కడి హైకోర్టు (వాళ్లకి అదే అన్నిటికంటే పెద్ద కోర్టు) తేల్చింది, 2025 ఆగస్టులో 9 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. మిగుల్చుకుందాం అనుకున్నది వడ్డీతో సహా కట్టారు.

కొండాపూర్_కోడలు

నెలనెలా చేసే ఆఫీసు ప్రయాణం పోయినందుకు పండగ చేసుకున్నదాన్ని నేను. 2018లో మా చిన్నదానికి పద్నాలుగు నెలలు. గురుగ్రామ్‌లో నలభై నిమిషాల రివ్యూ కోసం రెండు రోజులు పోయేవి. తెల్లవారుజామున మూడింటికి క్యాబు, రాత్రి పదకొండున్నరకి వెనక్కి. బాత్రూములో పంపు పట్టుకుని పాలు తీసి పారబోసిన రోజులు అవి. ఇప్పుడు అదే రివ్యూ డైనింగ్ టేబుల్ మీద నడుస్తోంది.

కానీ నిజం చెప్పాలి కదా. ఈ మధ్య ప్రమోషన్లు చూస్తే క్లయింటు దగ్గరికి వెళ్లివస్తున్న ముగ్గురికే వచ్చాయి. అందులో ఆడవాళ్లు లేరు. ప్రయాణం అందరికీ తప్పనిసరిగా ఉన్నప్పుడు ఏడుస్తూ అయినా వెళ్లేదాన్ని. ఇప్పుడు "వీలుంటేనే వెళ్లండి" అంటున్నారు, వీలున్నవాళ్లు పైకెళ్తున్నారు. మాస్టారు గారి బాధ వేరు, నా బాధ వేరు.

జీడిమెట్ల_వాల్వులు

కోడలు గారు చెప్పింది నేనెప్పుడూ ఆలోచించలేదమ్మా. మా సేల్స్‌లో ఉన్న ఇద్దరమ్మాయిలని ఏడాదిగా ఎక్కడికీ పంపలేదు, వాళ్లకే సుఖమనుకున్నా. రేపు అడుగుతాను.

డిపార్చర్ డెస్క్ గారి మాటకి మన దగ్గరి సాక్ష్యం 2025 డిసెంబరు మొదటివారమే కదా. పైలట్ల వారం విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెంచారు, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గించారు. ఈ రూల్సు 2024 జనవరిలోనే వచ్చాయి, రెండో విడత 2025 నవంబరు 1 నుంచి అమలు. దేశంలో అన్నిటికంటే పెద్ద ఎయిర్‌లైన్, రోజుకి 2,200 పైచిలుకు ఫ్లైట్లు తిప్పే ఇండిగో, సరిపడా మనుషుల్ని పెట్టుకోలేదు. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా రద్దు. ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసుల గుట్టలు టీవీలో చూశాం. ప్రయాణికులు లేక వచ్చిన కష్టమా అది?

మైన్_నది_ఒడ్డున (ఫ్రాంక్‌ఫర్ట్)

2006లో మొదలైన దగ్గర్నుంచి ఒకటే క్లాసు చాలన్న అదే ఇండిగో, 2024 నవంబరులో ఢిల్లీ–ముంబయి మీద బిజినెస్ సీట్లు పెట్టింది. ముందు వరుసకి గిరాకీ ఉంది. కాకపోతే అక్కడ కూర్చునేవాళ్లు మారారు. అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్స్‌కి వెనక క్యాబిన్ కంటే ముందు క్యాబిన్ ఆదాయమే వేగంగా పెరుగుతోంది, అందులో సొంత డబ్బు పెట్టుకుని కాళ్లు చాపుకునేవాళ్లు బోలెడుమంది.

టికెట్టు_మాస్టారు

సరే, ఈ వారం నా రిజిస్టరు తీసి చూశా. పంతొమ్మిది కంపెనీ టికెట్లు. పదకొండు మెషిన్లు బిగించేవాళ్లవీ, రిపేరువాళ్లవీ. నాలుగు ఆడిట్. రెండు అమ్మకాలు. మిగతా రెండూ ఒకాయనవే: గురువారం కొచ్చి వెళ్లి ఆదివారం వస్తున్నాడు, ఆయన టికెట్టు కంపెనీది, భార్యదీ పాపదీ ఆయన జేబులోంచి. "మీటింగుకి వచ్చాం, కూర్చున్నాం, లేచాం" అనే టికెట్టు ఒక్కటీ లేదు. జీడిమెట్ల సారుదీ నాదీ అలా చూస్తే ఒకే మాట. కాకపోతే ఆయన ఉన్నవాటిని లెక్కపెడుతున్నాడు, నేను పోయినవాటిని.

అంతరించిపోయింది అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. సగం పోయింది అంటాను, అందులో రాజీ లేదు. కానీ అందుకే ఉద్యోగాలు పీకుతున్నారన్నది మాత్రం తప్పే. 2019 ఏప్రిల్ 17 రాత్రి జెట్ ఎయిర్‌వేస్ చివరి ఫ్లైటు ఎగిరినప్పుడు కరోనా అనే మాట పుట్టలేదు, నా సోమవారం సీట్లు నిండుగానే ఉన్నాయి. అప్పుల్లో మునిగి ఆగింది. అయినా వేలమంది రోడ్డున పడ్డారు.

డిపార్చర్ డెస్క్ అమ్మా, ఒక మాట అడగొచ్చా? మళ్లీ పిలిస్తే వెళ్తారా?

డిపార్చర్_డెస్క్

పిలిచారు మాస్టారూ, 2022 జూన్‌లో. ఈసారి ఎయిర్‌లైన్ కాదు, కాంట్రాక్టు కంపెనీ. అదే కౌంటరు, అదే కుర్చీ. జీతం పాతదానికంటే నాలుగు వేలు తక్కువ, రాత్రి క్యాబు లేదు. అప్పటికే ఒక డెంటల్ క్లినిక్కులో రిసెప్షన్లో చేరాను. వెళ్లలేదు. నాతో పాటు పోయిన తొమ్మిది మందిలో ఇద్దరు వెళ్లారు, ఒకమ్మాయి మూడో నెలలో మానేసింది.