అప్‌డేట్: ఈఎస్‌ఐ కార్డుతో గైనకాలజిస్టు దొరికారు (విజయవాడ)

ఆటోనగర్‌లో లేత్ పని చేసే మా బావగారి (చెల్లెలి భర్త) ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కార్డుపై, గర్భిణి అయిన మా చెల్లెలికి విజయవాడలో గైనకాలజిస్టు ఎక్కడ చూస్తారని ఇదివరకు అడిగాను. ఇప్పుడు ఆమెను గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రిలో చూస్తున్నారు.

ప్రైవేటు క్లినిక్‌లలో కార్డు చూపించి అడగడం వల్ల ప్రయోజనం లేదు. ముందుగా మనకు కేటాయించిన ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి (చిన్న వైద్యశాలకు) వెళ్లాలి, అక్కడి డాక్టరు రాసి ఇస్తేనే పై ఆసుపత్రికి వెళ్లగలం. మాకు అసలు అడ్డంకి వేరే చోట వచ్చింది: పెళ్లయ్యాక చెల్లెలి పేరు ఈ-పెహచాన్ కార్డులో (కుటుంబ సభ్యుల వివరాలుండే ఈఎస్‌ఐ గుర్తింపు కార్డు) చేర్చలేదు. యజమాని ఆమె ఆధార్ వివరాలు, ఫొటో ఆన్‌లైన్‌లో నమోదు చేయించిన తరువాతే డిస్పెన్సరీ గుమస్తా అక్కడి డాక్టరును కలిసేందుకు చీటీ రాశారు. కాబట్టి నెల తప్పిందని తెలిసిన వెంటనే ఆ కార్డులో భార్య పేరు, ఫొటో ఉన్నాయో లేదో చూసుకోండి.

గైనకాలజిస్టు తొందరపడకుండా చూశారు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాసి, వాటిని టీతో కలిపి వేసుకోవద్దని రెండుసార్లు చెప్పారు. ఆ శ్రద్ధ చూసి అమ్మకు ధైర్యం వచ్చింది.

కొందరు అడిగిన, ఈఎస్‌ఐ కింద వచ్చే 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు, స్వయంగా ఈఎస్‌ఐ చందా కట్టే ఉద్యోగినులకు మాత్రమే వర్తిస్తుంది; భర్త కార్డుపై ఉన్న భార్యకు వైద్యం లభిస్తుంది. ఈఎస్‌ఐ వర్తించనివారు ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా జరిగే గర్భిణుల పరీక్షలకు వెళ్లవచ్చు.