కారు లోపలి మిర్రర్ విండ్‌షీల్డ్ మీంచి ఊడిపోయింది, ఎండకి నిలిచే గమ్ ఏది?

బెజవాడ_హ్యాచ్‌బ్యాక్

అందరికీ నమస్తే. మాది 2014 మోడల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. మొన్న ఆఫీసు దగ్గర ఎండలో పార్క్ చేసి సాయంత్రం వచ్చి డోర్ తీస్తే లోపల ఉండే రియర్ వ్యూ మిర్రర్ గేర్ పక్కన పడి ఉంది, అద్దం పగల్లేదు కానీ విండ్‌షీల్డ్‌కి అతికి ఉండే చిన్న మెటల్ బిళ్ళ కూడా దాంతోపాటే ఊడొచ్చేసింది. బిళ్ళ వెనక తెల్లగా పొడి పొడిగా రాలుతోంది, ముందు ఓనర్ ఎప్పుడో క్విక్ గమ్‌తో అతికించినట్టున్నాడు.

షోరూంలో అడిగితే మిర్రర్ సెట్ మొత్తం మార్చాలి అన్నారు. వీధి చివర యాక్సెసరీస్ షాపు అబ్బాయి డబుల్ టేప్ వేసి ఐదు నిమిషాల్లో ఇస్తానంటున్నాడు, నాకేమో టేప్ మీద నమ్మకం లేదు. వచ్చే వారం అమ్మానాన్నల్ని శ్రీశైలం తీసుకెళ్ళాలి, దోర్నాల దాటాక ఘాట్ రోడ్డు, వెనక వచ్చే బస్సు కనపడకపోతే నాకు భయం, ఆ మలుపుల్లో సైడ్ మిర్రర్లు ఒక్కటే చాలవు.

నా డౌట్లు ఏంటంటే, ఎరల్డైట్ వాడొచ్చా లేక దీనికని వేరే గమ్ ఏమైనా ఉందా, గాజు మీద మిగిలిన పాత గమ్ బ్లేడుతో గీకితే గీతలు పడతాయా, ఇంట్లో చేసుకోగలిగిన పనేనా? చేసిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు_గ్లాస్

అన్నా, మాది వరంగల్, కార్ల అద్దాలు ఎక్కించుడే మా పని. సెట్ మొత్తం మార్చే అవసరం ఏం లేదు. ఆ బిళ్ళను మేం బటన్ అంటం, ఒక్కో కంపెనీకి దాని షేప్ వేరే ఉంటది కాబట్టి మీ పాతదే దాచిపెట్టుకోండి, అదే మళ్ళ పనికొస్తది.

గమ్ సంగతి తర్వాత, అసలు పని అంత శుభ్రం చేసుడుల ఉంటది. ముందు అద్దం బయటి నుంచి, పాత గమ్ మరక ఎక్కడున్నదో చూసి దాని చుట్టు పేపర్ టేప్ అంటించుండ్రి, గీకినంక ఎక్కడ పెట్టాల్నో తెల్వక మస్తు మంది వంకర పెడ్తరు. ఫ్రంట్ అద్దం అంటే రెండు గాజు పలకలు, మధ్యల ప్లాస్టిక్ పొర. లోపలి పలక కూడ అసలు గాజే కాబట్టి కొత్త షేవింగ్ బ్లేడుతోని గీత పడది, బ్లేడు పడుకోబెట్టి, జర తడి చేసి, ఒక్క దిక్కే తొయ్యాలె. తుప్పు బ్లేడు, స్టీలు పీచు, దుమ్మున్న గుడ్డ, ఇవైతే గీతలు పెట్టొచ్చు. గమ్ మొండిగ ఉంటే హెయిర్ డ్రయ్యర్ దూరం పెట్టి వెచ్చ చేస్తే మెత్తబడ్తది. హీట్ గన్ మాత్రం ఒక్క జాగల ఆపి పెట్టొద్దు, అద్దానికి ఎక్కడన్న చిన్న రాయి దెబ్బ ఉంటే ఆ వేడికి అక్కడి నుంచే పగులు పాకుతది. పైన నల్ల చుక్కల బార్డర్ ఉంటది చూడండి, అది గాజు మీద పెట్టి కాల్చిన రంగు, దాన్ని గట్టిగ గోకొద్దు.

ఇంకోటి ఎవ్వరు చెప్పరు. వాటర్ వాష్ కాడ డాష్‌బోర్డు మెరవాలని కొట్టే పాలిష్‌ల చాన వాటిల సిలికాన్ ఉంటది, అదే గుడ్డతోని లోపలి అద్దం కూడ తుడుస్తరు. ఆ జిడ్డు కంటికి కనపడది కానీ దాని మీద ఎంత మంచి గమ్ పెట్టినా పట్టది. మా దగ్గరికి మిర్రర్ మళ్ళ మళ్ళ ఊడుతున్నదని వచ్చే బండ్లల్ల ఎక్కువ ఇదే కత. అందుకే ముందు సబ్బు నీళ్ళు, ఆరినంక మొబైల్ రిపేర్ షాపోళ్ళు వాడే ఐపీఏ ఉంటది కదా, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దాంతోని రెండు సార్లు, ప్రతిసారి కొత్త టిష్యూ. హ్యాండ్ శానిటైజర్ వద్దు, అండ్ల గ్లిసరిన్ ఉంటది. నెయిల్ పాలిష్ రిమూవర్ కూడ వద్దు, చాన వాటిల నూనె కలుపుతరు, డాష్‌బోర్డు మీద చుక్క పడితే ప్లాస్టిక్ కూడ ఖరాబైతది.

బటన్ వెనక పాత గమ్ పోయి లోహం మెరిసేదాక సాండ్ పేపర్‌తోని రుద్ది, ఐపీఏతోని తుడిచి, ఇగ ఆ మొహాన్ని వేలుతో ముట్టొద్దు.

డాలస్_గోదారి

పైన అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. నేను టెక్సస్‌లో ఉంటా, ఇక్కడ కూడా సమ్మర్‌లో కార్లలో మిర్రర్లు ఊడి పడటం చాలా కామన్, అందుకే ఏ ఆటో పార్ట్స్ షాపుకెళ్ళినా దీనికోసమే చేసిన చిన్న కిట్ దొరుకుతుంది, పర్మటెక్స్ వాళ్ళది ఉంది, లాక్‌టైట్ వాళ్ళది ఉంది. ఇండియాలో ఆన్‌లైన్‌లో రియర్ వ్యూ మిర్రర్ అధెసివ్ అని వెతకండి, గమ్‌ని గట్టిపడేలా చేసే యాక్టివేటర్ ద్రవం కూడా కలిపి వచ్చే కిట్టే తీసుకోండి, ఒట్టి గమ్ ట్యూబ్ కొనొద్దు.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే తప్పు పోదు. యాక్టివేటర్ పల్చగా రాసి పూర్తిగా ఆరనివ్వాలి, తర్వాత బటన్ మీద గమ్ ఒక్క చుక్క పెట్టి గాజుకి నొక్కి కదలకుండా పట్టుకోవాలి. గాలి అందని చోట, యాక్టివేటర్‌ని తాకిన చోట మాత్రమే ఇది గట్టిపడుతుంది. గట్టిగా ఉంటుందని ఎక్కువ గమ్ పెడితే పొర మందం అయిపోయి మధ్యలో ఉడకదు, పక్కలకి కారింది జిగటగానే ఉండిపోతుంది, అందుకే ఒక్క చుక్క అంటారు. చాలా కిట్లకి ఒక నిమిషం నొక్కి పట్టడం, పావుగంట తర్వాత మిర్రర్ తగిలించొచ్చు అని రాసి ఉంటుంది, పూర్తి బలం రావడానికి మాత్రం 24 గంటలు. మీరు ఆ 24 గంటలూ ఆగాకే మిర్రర్ ఎక్కించండి, అప్పటిదాకా బటన్ ఒక్కటే గాజు మీద ఉండనివ్వండి.

టైమింగ్ కూడా ముఖ్యం. బెజవాడ ఎండలో నిలబెట్టిన కారు గాజు మీద చేస్తే బటన్ కుదురుగా పెట్టేలోపే గమ్ పట్టేస్తుంది, పొద్దున్నే నీడలో ఏసీ వేయకుండా చేసుకోండి.

బటన్‌కి పైభాగం కిందిభాగం ఉంటాయి, కొన్నింటికి ఒక పక్క సన్నగా ఒక పక్క వెడల్పుగా. గమ్ పెట్టకముందే చేతిలోనే బటన్‌ని మిర్రర్ కాడలోకి ఎక్కించి చూసి, గాజు వైపు ఏది, పైకి ఏది అని బటన్‌లో గాజుకి అతకని వైపు మొహం మీద మార్కర్‌తో బాణం గుర్తు వేసుకోండి. తర్వాత మిర్రర్ ఎక్కించాక కాడలో చిన్న స్క్రూ ఉంటే దాన్ని కదలకుండా ఉండేంత మాత్రమే బిగించండి, దాని మొన బటన్‌ని తోస్తుంది, ఎక్కువ బిగిస్తే కొత్తగా అతికిన బటన్‌నే గాజు మీంచి లేపేస్తుంది. కొన్ని కార్లకి స్క్రూ ఉండదు, తిప్పితే లాక్ పడే టైపు.

బెజవాడ_హ్యాచ్‌బ్యాక్

ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. డాష్‌బోర్డు పాలిష్ సంగతి అస్సలు తెలీదు, మా కారు ప్రతి వాష్‌కీ కొడతారు. కిట్ వెతుకుతుంటే యూవీ గమ్ అని కూడా కనిపించింది, గాజు టేబుళ్ళకి వాడతారట, ఎండలో పెడితే సెకన్లలో గట్టిపడుతుంది అని రాశారు, మన దగ్గర ఎండకి కొదవ లేదు కదా, అది బెటరా? ఇంకోటి, మిర్రర్‌కి అమ్మ కట్టిన ఆంజనేయస్వామి లాకెట్ వేలాడుతూ ఉంటుంది, దాని బరువు వల్ల కూడా ఊడుతుందా?

ఓరుగల్లు_గ్లాస్

యూవీ గమ్ వద్దన్నా. గాజు టేబుల్‌కి, షోకేసుకి అది మస్తు పనిచేస్తది, మేం కూడ వాడ్తం. కానీ కారు ముందు అద్దం మధ్యల పొర ఉన్నదని చెప్పిన కదా, ఆ పీవీబీ పొర ఎండల ఉండే యూవీని దాదాపు మొత్తం ఆపేస్తది. బయటి నుంచి వెలుగు ఎంత పడ్డా యూవీ లోపలికి రాదు, లోపలి నుంచి లైట్ కొడ్తమంటే బటన్ లోహం, దాని వెనకకు వెలుగే పోదు. అంచులు మాత్రం గట్టిబడి మధ్యల తడి తడిగ ఉంటది, చేతికి గట్టిగ అతికినట్టే అనిపిస్తది, రోడ్డు మీద గుంతలు తగిలినంక ఊడ్తది.

డబుల్ టేప్ గురించి కూడ చెప్త. ఫోమ్ టేప్‌ల మంచివి ఉన్నయి, త్రీఎం వీహెచ్‌బీ లాంటిది డాష్‌క్యామ్‌కి సరిపోతది. మిర్రర్‌కి ఇబ్బంది ఏందంటే ఫోమ్ మెత్తగుంటది, బండి నడుస్తుంటే అద్దంల బొమ్మ వణుకుతది, రాత్రి వెనక బండి లైట్లు రెండు నాలుగైతయి. పైగ మీరు చేత్తో మిర్రర్ సర్దినప్పుడల్ల ఒక్క మూల నుంచి లాగుడు పడ్తది, టేప్‌కి అది పడది.

లాకెట్ బరువు తక్కువనే కానీ ఊగుడే సమస్య, బ్రేక్ కొట్టినప్పుడల్ల కాడ చివర నుంచి లాగుతది. అమ్మను బాధపెట్టొద్దు, స్వామిని డాష్‌బోర్డు మీద కూసోబెట్టుండ్రి. కండ్ల ముందు ఊగేది లేకుంటే ఘాట్‌ల మీకు రోడ్డు కూడ మంచిగ కనపడ్తది.

ఫిజిక్స్_రాజమండ్రి

ఎరల్డైట్ గురించి అడిగారు కదా బాబూ, దానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి నేను చెప్తాను. కిట్ దొరక్కపోతే 24 గంటల మామూలు ఎరల్డైట్, రెజిన్ హార్డెనర్ సమానంగా కలిపి పల్చగా రాసి, రాత్రంతా పేపర్ టేప్‌తో బటన్ జారకుండా కట్టి ఉంచితే క్విక్ గమ్ కంటే మెరుగ్గానే నిలుస్తుంది. కానీ ఎరల్డైట్ లాగా ఇంట్లో కలిపే ఎపాక్సీ గమ్‌లు చాలావరకు 60, 70 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, ఎండలో మూసి ఉంచిన కారులో గాజు దగ్గర ఆ వేడి మే నెలలో రోజూ వస్తుంది. అందుకని ఊరు వెళ్ళి రావడానికి పర్లేదు గానీ ఏళ్ళ తరబడి ఉండాలంటే కిట్టే.

క్విక్ గమ్ ఎందుకు ఓడిపోతుందంటే వేడికి లోహమూ గాజూ ఒకేలా సాగవు. డిగ్రీ వేడి పెరిగితే మీటరు గాజు సుమారు 9 మైక్రాన్లు సాగుతుంది, స్టీలు 12, జింక్ మిశ్రమంతో పోత పోసిన బటన్ అయితే 27 దాకా. బటన్ చిన్నదే కాబట్టి ఆ తేడా చాలా స్వల్పం, కానీ పగలు వేడి రాత్రి చల్లదనం అలా రోజూ ఆ గమ్ పొరని అటూ ఇటూ లాగుతూనే ఉంటుంది. క్విక్ గమ్ ఆరాక పెళుసుగా ఉంటుంది, గాజు మీది తేమ కూడా దాన్ని నెమ్మదిగా విడగొడుతుంది, మీకు కనిపించిన తెల్ల పొడి బహుశా అదే. మిర్రర్ కిట్‌లో వచ్చే గమ్ కాస్త సాగే గుణంతో చేస్తారు. అసలు చాలా కార్లకి ఈ బటన్‌ని గాజు ఫ్యాక్టరీలోనే వేడి, ఒత్తిడి పెట్టి అతికించి పంపుతారు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంక ఊడకూడదని కొందరు మిర్రర్ కాడనీ బటన్‌నీ గాజునీ కలిపి ఎపాక్సీతో ముద్ద చేసేస్తారు, దయచేసి అలా చేయకండి. యాక్సిడెంట్‌లో ముందు కూర్చున్నవాళ్ళ తల దానికి తగిలితే మిర్రర్ ఒంగాలి, లేదా ఊడిపోవాలి, అలా ఉండాలనే దాన్ని డిజైన్ చేస్తారు. అమెరికా వాళ్ళ వాహన భద్రతా రూల్ ఎఫ్ఎంవీఎస్ఎస్ 111లో అయితే లోపలి మిర్రర్ తల తగిలే చోట ఉంటే 400 న్యూటన్ల బలానికి, అంటే దాదాపు 40 కేజీల తోపుకి, పదునైన అంచు మిగలకుండా ఒంగిపోవాలి లేదా విడిపోవాలి అని రాసే ఉంది. అతికించాల్సింది బటన్ వరకే.

డాలస్_గోదారి

మాస్టారు చెప్పింది చాలా ముఖ్యమైన పాయింట్. ఇది చదివే కొత్త కార్ల వాళ్ళకి కూడా ఒక మాట, మిర్రర్ వెనక గాజుకి కెమెరా గానీ రెయిన్ సెన్సర్ గానీ ఉంటే మీరే గీకడం మొదలుపెట్టొద్దు. రెయిన్ సెన్సర్‌కీ గాజుకీ మధ్య ఒక జెల్ పొర ఉంటుంది, అందులో గాలి బుడగ చేరితే వైపర్లు వాన లేకుండా తిరుగుతాయి లేదా వానలో తిరగవు. లేన్ చూసే కెమెరా అయితే కాస్త కదిలినా మళ్ళీ క్యాలిబ్రేషన్, అంటే కెమెరా చూపుని సరిచేయడం, చేయించాలి. అలాంటివి గ్లాస్ పని తెలిసినవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళండి. ఆటో డిమ్మింగ్ మిర్రర్, అంటే వెనక లైట్లకి తనంతట తానే మసకబారేది అయితే వెనక వైరు ఉంటుంది, ముందు కనెక్టర్ క్లిప్ నొక్కి విప్పండి, వైరు పట్టుకుని లాగొద్దు.

మీ 2014 మోడల్‌లో ఇవేవీ ఉండకపోవచ్చు, మామూలు డే నైట్ మిర్రరే అయ్యుంటుంది. ఎక్కించాక కింద ఉండే చిన్న ట్యాబ్‌ని డే పొజిషన్‌లో పెట్టి, మీరు రోజూ కూర్చునే సీటు పొజిషన్‌లోనే కూర్చుని వెనక గాజు మొత్తం ఫ్రేమ్‌లోకి వచ్చేలా సర్దుకోండి. శ్రీశైలం బయల్దేరడానికి కనీసం రెండ్రోజుల ముందే అతికించేసి, ఒకసారి స్పీడ్ బ్రేకర్లు ఉన్న రోడ్డు మీద తిప్పి చూడండి, బటన్ అంచు దగ్గర గోరు పెడితే ఎక్కడా లేవకూడదు.