ఎక్కించిన ఫైలు సర్వర్‌లో ఐదున్నర గంటలు ముందుకి చూపిస్తోంది, మార్పులు వెళ్లడం లేదు

ఆవకాయ_అడ్మిన్:
మా పిన్ని పచ్చళ్ల సైటు నేనే చూస్తుంటాను. షేర్డ్ హోస్టింగ్, సర్వర్‌లోకి వెళ్లి కమాండ్లు కొట్టే ఎస్‌ఎస్‌హెచ్ ఇవ్వలేదు, ఫైల్‌జిల్లా అనే ప్రోగ్రామ్ పెట్టుకుని ఎఫ్‌టీపీలోనే (సర్వర్‌కి ఫైళ్లు పంపే పాత పద్ధతి) ఎక్కిస్తాను. మొన్న పొద్దున ధరల పేజీ ఎక్కించా. మధ్యాహ్నం పిన్ని ఫోన్ చేసి ఆవకాయ కిలో 450 కాదురా 480 అంటే, రెండుం పావుకి మార్చి మళ్లీ పంపా. ఎర్ర అక్షరాలేమీ రాలేదు, క్యూ ఖాళీ అయింది, సైట్‌లో మాత్రం 450యే! బ్రౌజర్ క్యాష్ అనుకుని నా ఫోన్, పిన్ని ఫోన్, చివరికి పక్కింటివాళ్ల ఫోన్ కూడా చూశా. తర్వాత కుడివైపు సర్వర్ జాబితా చూస్తే పొద్దున 10:04కి ఎక్కించిన ఫైలు పక్కన 15:34 అని ఉంది. అప్పటికి టైమ్ రెండున్నర కూడా కాలేదు. సర్వర్ ముంబైలోనే ఉందట, మరి ఈ తేడా ఎక్కడిది? ఫైలు ముందే ఉంటే 'కొత్తదైతేనే మార్చు' అని ఎప్పుడో పెట్టుకున్నా, అది తీసేస్తే సరిపోతుందా?

రాత్రి_డ్యూటీ:
సర్వర్ ముంబైలో ఉండడమే ఇక్కడ తంటా. ఫైల్‌జిల్లా లాగ్‌లో చూడండి, సర్వర్‌ని ఫైళ్ల జాబితా అడగడానికి 'లిస్ట్' అనే కమాండ్ పోతోందా, 'ఎమ్‌ఎల్‌ఎస్‌డీ' పోతోందా? లిస్ట్ చాలా పాతది. సర్వర్ పంపే టైమ్ ఏ దేశానిదో అందులో ఎక్కడా ఉండదు, ఉత్త అంకెలే. మీ సర్వర్ మన టైమే 10:04 అని పంపుతోంది, ఫైల్‌జిల్లా దాన్ని యూటీసీ (ప్రపంచమంతటికీ ఉమ్మడి టైమ్, మనది దానికన్నా ఐదున్నర గంటలు ముందు) అనుకుని 5 గంటల 30 నిమిషాలు కలిపి చూపిస్తోంది. అందుకే మీరు రెండుం పావుకి మార్చిన ఫైలు దాని లెక్కలో పాతదయిపోయి పక్కన పడేసింది. ఎమ్‌ఎల్‌ఎస్‌డీ అయితే ఈ గొడవ రాదు, 2007లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3659 అనే ఎఫ్‌టీపీ నియమాల పత్రం ప్రకారం అందులో టైమ్ యూటీసీలోనే పంపాలి.

సైట్ మేనేజర్‌లో మీ సైట్ తెరిచి అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే సర్వర్ టైమ్ సర్దే చోటు ఉంటుంది. గంటల్లో మైనస్ 5, నిమిషాల్లో మైనస్ 30. రెండిటికీ మైనస్ పెట్టాలి, చాలామంది నిమిషాల దగ్గర మర్చిపోతారు. కనెక్షన్ తెంపి మళ్లీ కలిపి చూడండి. తేడా పోకపోగా 11 గంటలయితే గుర్తు తిరగేశారని అర్థం.

కాఫీ_రెండు:
టైమ్ జోలికే పోకండి, సైజు పోల్చి ఎక్కించే ఆప్షన్ పెట్టేయండి, టెన్షన్ ఉండదు. సర్వర్ టైమ్ ఎంతో తెలియాలంటే డేట్ ఫంక్షన్‌తో రెండు లైన్ల పీహెచ్‌పీ (సర్వర్‌లో నడిచే కోడ్) ఫైలు ఎక్కించి బ్రౌజర్‌లో తెరిస్తే చాలు.

పాతకాపు:
కాఫీ తమ్ముడూ, రెండూ కుదరవు. 450 మూడు అక్షరాలు, 480 కూడా మూడే. ఫైలు సైజు ఒక్క బైటు కూడా మారదు, ఈయనకి వచ్చిన కేసే అది! పైగా ఫైల్‌జిల్లా 'ఆటో'లో ఉంటే హెచ్‌టీఎమ్‌ఎల్, పీహెచ్‌పీ లాంటివాటిని ఆస్కీగా, అంటే లైన్ చివరలు మార్చి పంపుతుంది. విండోస్‌లో లైన్ చివర రెండు బైట్లు, లినక్స్‌లో ఒకటి, కాబట్టి 300 లైన్ల ఫైలు అవతలికి వెళ్లేసరికి దాదాపు 300 బైట్లు తగ్గుతుంది. అంటే మారిన ఫైలు ఒకటేనని, మారనిది వేరని చూపిస్తుంది. ఏదీ మార్చకుండా ఉన్నదున్నట్టు పంపే బైనరీలో పెట్టుకోవడం మేలు. ఇక పీహెచ్‌పీ సంగతి, దానికి సొంత టైమ్‌జోన్ సెట్టింగ్ ఉంటుంది, అది చెప్పే టైమూ ఎఫ్‌టీపీ సర్వర్ చెప్పే టైమూ ఒకటే కావాలని లేదు.

అడ్మిన్ గారూ, టైమ్ సర్దాక ట్రాన్స్‌ఫర్ మెనూలో 'టైమ్‌స్టాంప్‌లు అలాగే ఉంచు' అన్నది కూడా టిక్ చేయండి. లేకపోతే ఫైలు మార్చిన టైమ్ కాకుండా ఎక్కించిన టైమ్ పడుతుంది. అయితే సర్వర్‌కి ఫైలు టైమ్ మార్చే 'ఎమ్‌ఎఫ్‌ఎమ్‌టీ' కమాండ్ తెలిసుండాలి, పాత సర్వర్లలో కొన్నిటికి తెలియదు. ఇంకోటి, లిస్ట్‌లో ఆరు నెలలు దాటిన ఫైళ్లకి మామూలుగా గంటలూ నిమిషాలూ రావు, తేదీ, సంవత్సరం మాత్రమే వస్తాయి. వాటి టైమ్ కలవలేదని మళ్లీ కంగారుపడకండి. ఎప్పటికైనా ఎస్‌ఎస్‌హెచ్ ఉన్న హోస్టింగ్‌కి మారితే మారిన ఫైళ్లనే పంపే ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్ వాడండి, 'ఏ' ఆప్షన్‌తో టైమ్‌లు వాటంతటవే వస్తాయి, అనుమానముంటే 'సీ' పెడితే లోపలి సరుకే పోల్చుకుంటుంది.

ఆవకాయ_అడ్మిన్:
లాగ్‌లో లిస్టే ఉంది. ముందు తొందరలో మైనస్ పెట్టకుండా కొట్టా, 10:04 ఫైలు కాస్తా 21:04 అయింది, రాత్రి_డ్యూటీ గారు చెప్పిన 11 గంటలు అక్షరాలా! మైనస్ పెట్టాక 10:04కి వచ్చింది, మళ్లీ పంపితే ఎక్కింది. ఎమ్‌ఎఫ్‌ఎమ్‌టీ కూడా ఉంది మా సర్వర్‌లో, టిక్ పెట్టేశా. ఈలోపు 450కే తలో కిలో చొప్పున రెండు ఆర్డర్లు వచ్చాయట, ఆ అరవై రూపాయలు నా ఖాతాలో రాసేసింది పిన్ని.